విప్పడానికి వీలుగా కట్టాలి: మోటార్‌బోట్ క్యాబిన్ మార్పుల వెనక లెక్కలు

పాత క్రూజింగ్ మోటార్‌బోట్లలో క్యాబిన్ బాగుచేసే పని చాలాసార్లు లోకప్పు నుంచే మొదలవుతుంది. నెత్తిమీది వినైల్ గుడ్డ ఒకచోట సంచిలా కిందికి వేలాడుతుంది. పిన్నులు గుచ్చో, జిగురు రాసో కొన్నాళ్లు నెట్టుకొస్తారు. తర్వాత ఇంకోచోట జారుతుంది. జిగురు పట్టు తప్పిందనుకుంటారు గానీ, చాలాసార్లు పోయింది జిగురు కాదు. వినైల్ వెనక పల్చటి ఫోమ్ పొర ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ తేమకీ అది చివికి పొడైపోతుంది. ఆ పొడి మీద ఎంత మంచి జిగురు రాసినా నిలవదు. గుడ్డ మొత్తం పీకి, ఫైబర్‌గ్లాస్‌కి అంటుకున్న పొడిని గోకి తీస్తే తప్ప కొత్తది పట్టదు.

గుడ్డ పీకిన రోజే అసలు పడవ కనబడుతుంది. రెయిలింగ్ బోల్టుల చుట్టూ తుప్పు మరకలు, కిటికీ మూల నుంచి గోడ వెంట దిగిన నల్లటి చార, ఎవరు ఎప్పుడు లాగారో తెలియని రెండు తీగలు, వాటిని కలిపి చుట్టిన టేపు. కొత్త గుడ్డని మళ్లీ పాత పద్ధతిలోనే అంటించేస్తే ఇవన్నీ ఇంకో పదిహేనేళ్లు చీకట్లోకి వెళ్లిపోతాయి. అలా కాకుండా 3, 4 మిల్లీమీటర్ల పలకలకు గుడ్డ చుట్టి, వాటిని స్క్రూలతోనో వెల్క్రో పట్టీలతోనో బిగిస్తే, కావలసినప్పుడు ఒక్క పలక దించితే సరిపోతుంది. చూపుకి రెండూ ఒకటే. తేడా తెలిసేది బోల్టు దగ్గర నీళ్లు కారిన రోజున. క్యాబిన్ పనిలో మంచిచెడ్డలు తేల్చేది దాదాపు ప్రతిచోటా ఈ ఒక్క ప్రశ్నే: దీన్ని మళ్లీ విప్పగలమా?

ఇంట్లో గోడ వెనక మరో గది ఉంటుంది, అంతే. పడవలో ప్రతి పలక వెనకా ఏదో ఒక పని నడుస్తుంటుంది: నీళ్ల ట్యాంకు, ఇంధనం గొట్టం, టాయిలెట్ గొట్టం, స్టీరింగ్ కేబుల్, బయటి నీటిని లోపలికి తెచ్చే వాల్వు. గొట్టం ఊడితే ఆ వాల్వు దగ్గరికి చెయ్యి క్షణాల్లో చేరాలి. దాని ముందు అందమైన సొరుగుల బల్ల కట్టి, వెనక పలకని జిగురుతో మూసేస్తే పడవకి ప్రాణం మీదికి తెచ్చినట్టే. పైగా ఫైబర్‌గ్లాస్ పడవల్లో చాలావాటికి ట్యాంకులు, ఇంజిన్, లోపలి చెక్కపని ముందే అమర్చి, ఆ తర్వాత డెక్‌ని మూతలా దించి బిగిస్తారు. ఆ తర్వాత లోపలికి వెళ్లేదేదైనా, బయటికి వచ్చేదేదైనా ఓ 60 సెంటీమీటర్ల తలుపులోంచి రావలసిందే. దుకాణంలో నచ్చిన సోఫా రేవు మీద ఆగిపోవడం, 8 అడుగుల ప్లైవుడ్ షీటుని బయటే ముక్కలు చెయ్యాల్సి రావడం ఇందుకే.

అడ్డంగా ఉన్న చెక్కగోడలన్నీ గదుల్ని విడదీయడానికే ఉన్నాయనుకోవడం మరో పొరపాటు. వాటిలో కొన్ని బల్క్‌హెడ్లు. అంచుల పొడవునా ఫైబర్‌గ్లాస్ పట్టీలతో హల్‌కి, అంటే పడవ బయటి దేహానికి, అతికి ఉంటాయి. అలల దెబ్బకి హల్ మెలి తిరగకుండా పట్టుకునేవి అవే. బెర్త్ కింది పెట్టె, సోఫా ముందుపలక కూడా అలా అతికి ఉంటే అవీ ఆ బలంలో భాగమే. రెండు ఇరుకు గదుల్ని కలిపి ఒక పెద్ద గది చేద్దామన్న ఆశ దగ్గరే చాలా పథకాలు దారి తప్పుతాయి. అంచున ఫైబర్‌గ్లాస్ పట్టీ కనబడితే రంపం పక్కన పెట్టి, పడవల్ని పరీక్షించే మెరైన్ సర్వేయర్‌కి చూపించాక మాత్రమే ముందుకెళ్లాలి.

ఇక నీటి సంగతి. క్యాబిన్‌లోకి నీరు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పైనుంచి కారేది, రెండోది లోపలి గాలిలోంచే పుట్టేది. కారేదానికి ఆనవాలు చెక్క మీదే ఉంటుంది. టేకు, మహాగని లాంటి చెక్కల్లోని టానిన్, తడితో పాటు ఇనుపరజను తగిలితే నల్లబడుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంతో ఆ మరకని చాలావరకు పోగొట్టొచ్చు. కానీ నీటిదారి మూయకుండా మరక పోగొడితే పైన పటారం, లోన లొటారం అన్నట్టే. కిటికీ అంచు బయట సిలికాన్ పూసి సరిపెట్టుకునే వాళ్లు చాలామంది. ఒకట్రెండు సీజన్లు ఆగుతుంది, మళ్లీ కారుతుంది. ఈసారి ఇబ్బంది రెట్టింపు, ఎందుకంటే సిలికాన్ మిగిల్చిన జిడ్డుపొర మీద ఇంకే సీలెంటూ సరిగ్గా పట్టదు. ఫ్రేము మొత్తం విప్పి, రెండు వైపులా శుభ్రం చేసి, బ్యూటైల్ టేపు (మెత్తటి, జిగట రబ్బరు పట్టీ) మీద కూర్చోబెట్టి బిగించడమే నికరమైన పని. బిగించాక ఒకరు లోపల టార్చితో కూర్చుంటే ఇంకొకరు బయట గొట్టంతో నీళ్లు పట్టాలి, అదీ కింది నుంచి పైకి. పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరిందో తెలియకుండా అంతటా పారుతుంది. రెండు మూడు గట్టి వానలు చూశాకే లోపలి అందం జోలికి పోవడం మంచిది.

రెండోది మరీ మాయదారిది. 20 డిగ్రీల గాలి ఘనమీటరుకి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 10 డిగ్రీలకి చల్లబడితే 9 గ్రాములకి కాస్త పైన మాత్రమే మోస్తుంది. మిగతాది ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ చెమ్మగా దిగుతుంది. నిద్రపోతున్న మనిషి గంటకి 40 గ్రాముల వరకు తేమ వదులుతాడనుకుంటే, ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే అర లీటరుకి పైనే. గ్యాస్ పొయ్యి ఇంకా ఎక్కువ: కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీరు పుడుతుంది. ఇదంతా చేరేది పల్చటి ఫైబర్‌గ్లాస్ గోడ మీదికి, అల్యూమినియం కిటికీ ఫ్రేముల మీదికి, అన్నిటికంటే ముఖ్యంగా పరుపు కిందికి. పరుపు పైభాగం ఒంటి వేడితో వెచ్చగా, అడుగు చల్లగా ఉంటుంది. తేమ ఫోమ్‌లోంచి దిగి అడుగున ఆగి బూజవుతుంది. ఖరీదైన కొత్త పరుపు వేసినా ఒక్క చలికాలానికే నల్లచుక్కలు పడితే పరుపుని తప్పు పట్టి లాభం లేదు. కింద గాలి ఆడటం లేదు, అంతే. గట్టి పలకకి బదులు చెక్కబద్దల మంచం, లేదా పలకకి పెద్ద బెజ్జాలు, దాని మీద ఒక సెంటీమీటరు మందం ప్లాస్టిక్ జాలీ పరిస్తే సమస్య చాలావరకు తీరుతుంది. పరుపు కంటే జాలీకే ముందు డబ్బు పెట్టడం తెలివైన పని.

గోడలకి ఇన్సులేషన్ వేసేటప్పుడు ఫోమ్‌లోని గదులు మూసుకుని ఉండే రకం ఎంచుకోవాలి. దాన్ని హల్‌కి ఖాళీ లేకుండా అతికించాలి. వెనక సన్నటి గాలిసందు మిగిలితే ఆ సందులోనే చెమర్చి, నీరు కిందికి బిల్జ్‌లోకి, అంటే పడవ అట్టడుగు గుంటలోకి, పారుతుంది. గాజుఉన్ని, మామూలు స్పాంజి నీటిని పట్టేసుకుంటాయి కాబట్టి పడవకి పనికిరావు. ఎంత ఇన్సులేషన్ వేసినా గాలికి రావడానికో దారి, పోవడానికో దారి ఉండాలి. చలి వేస్తోందని గాలిదారులన్నీ మూసేస్తే గదిలో వాన మొదలవుతుంది.

బరువు గురించి చాలామంది కొన్నాకే ఆలోచిస్తారు. వంట మూలకి రాతిపలక వేయాలన్న ముచ్చట ఉదాహరణగా తీసుకుందాం. గ్రానైట్ సాంద్రత ఘనమీటరుకి సుమారు 2700 కిలోలు. అంటే 20 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకి 54 కిలోలు తూగుతుంది. ఒకటిన్నర చదరపు మీటర్ల బల్లకి 81 కిలోలు, అంటే పడవలో ఎప్పటికీ దిగని ఒక నిలువెత్తు మనిషి. అదే చోట 12 మిల్లీమీటర్ల తేలికరకం మెరైన్ ప్లైవుడ్ వేసి, పైన లామినేట్ అతికిస్తే మొత్తం పది పన్నెండు కిలోలు దాటదు. రాయి రూపు తప్పదనుకుంటే తేలిక పలక మీద 3 మిల్లీమీటర్ల రాతిపొర అతికించినవి వాడుకోవచ్చు. నెమ్మదిగా నీటిని చీల్చుకుపోయే డిస్‌ప్లేస్‌మెంట్ పడవ ఈ బరువుని ఓర్చుకుంటుంది. నీటిమీదికి లేచి పరుగెత్తే ప్లేనింగ్ పడవ ఓర్చుకోదు. లేవడానికే ఎక్కువ శక్తి అడుగుతుంది, ఇంధనం తాగుతుంది. బరువు ఎంతో ఒక లెక్కైతే ఎక్కడ చేరిందన్నది ఇంకో లెక్క. ఒకే పక్కకి చేరితే పడవ ఒరుగుతుంది. నీటిమట్టానికి బాగా ఎత్తున, ఫ్లైబ్రిడ్జి (క్యాబిన్ కప్పు మీది స్టీరింగ్ చోటు) మీదో పైఅలమరలోనో చేరితే ఊగిసలాట పెరుగుతుంది. అందుకే పాతవి తీసేటప్పుడు ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాసుకోవడం, కొత్తవి పెట్టేటప్పుడు అదే కాగితం చూసుకోవడం చాదస్తం కాదు.

ప్లైవుడ్ దగ్గర పొదుపు చెయ్యకూడదు. మెరైన్ ప్లైవుడ్‌కి బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1088 రకంలో జిగురు నీటికి విడవదు, లోపలి పొరల్లో ఖాళీలు ఉండకూడదు. అంతమాత్రాన చెక్క కుళ్లదని కాదు. కోసిన అంచులే నీటిని పీల్చే నోళ్లు. ప్రతి అంచునీ, ప్రతి స్క్రూ బెజ్జాన్నీ ఎపాక్సీతో మూస్తే ఆ ప్లైవుడ్ దశాబ్దాలు ఉంటుంది. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ అయితే ఉప్పుగాలిని తట్టుకుంటాయి. అందులో మామూలు 304 రకం స్టెయిన్‌లెస్‌లో లేని మాలిబ్డినం ఉంటుంది.

ముదురు చెక్కతో నిండిన పాత క్యాబిన్‌ని తెల్లగా మార్చాలా వద్దా అనే వాదన ఎప్పటికీ తెగదు. నిజానికి మధ్యేమార్గం ఎప్పటినుంచో ఉంది. అమెరికన్ పడవ రూపకర్త నథానియల్ హెర్రెషాఫ్ (1848–1938) పేరుతో పిలిచే శైలిలో గోడపలకలు, లోకప్పు తెల్లగా ఉంటాయి. అంచులు, కమ్ములు, తలుపు చట్రాలు వార్నిష్ చేసిన మహాగని. వెలుతురుకి వెలుతురు, చెక్కకి చెక్క. అన్నీ తెల్లగా పూసేసిన క్యాబిన్ ఆసుపత్రి గదిలా తయారవుతుంది. చెక్క మీద రంగు వేసేవారు రెండు సంగతులు మరవకూడదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అసిటోన్‌తో తుడిచాకే ప్రైమర్ వేయాలి. వెనీర్ (పైన అతికించిన పల్చటి చెక్కపొర) మందం చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి మెషీన్‌తో సానపడితే రెండు నిమిషాల్లో కింది పొర బయటపడుతుంది.

స్టీరింగ్ ముందున్న డాష్‌బోర్డుని మాత్రం తెల్లగా చేయకూడదు. ఎండలో దాని ప్రతిబింబం అద్దం మీద పడి ఎదుటి నీళ్లు కనబడవు. అక్కడ ముదురు రంగు, మెరుపు లేని ముగింపు తప్పనిసరి. అక్కడే కంపాస్ కూడా ఉంటుంది. కొత్త స్పీకర్లు, అయస్కాంతపు తలుపు గొళ్లేలు దాని పక్కన పెడితే ముల్లు దారి తప్పుతుంది.

దీపాలు మార్చడం సులువైన పని, ఫలితం వెంటనే కనబడుతుంది. 10 వాట్ల హాలోజెన్ దీపాలు పది వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 8 ఆంపియర్లకి పైగా లాగుతాయి. 2 వాట్ల ఎల్ఈడీలైతే 2 ఆంపియర్లు కూడా దాటవు. కానీ పడవలో 12 వోల్టులనేది పేరుకే. ఛార్జింగ్ నడుస్తున్నప్పుడు 14 దాటుతుంది. వోల్టేజీని అదుపు చేసే సర్క్యూట్ లేని చవక ఎల్ఈడీలు దీనికి త్వరగా మాడిపోతాయి. ఆ సర్క్యూట్ ఉన్నా నాసిరకమైతే రేడియోలో గోల పుడుతుంది. ఎల్ఈడీ దీపాల వల్ల వీహెచ్ఎఫ్ రేడియో, ఏఐఎస్ (పడవలు ఒకదానికొకటి తమ ఉనికి తెలిపే వ్యవస్థ) సంకేతాలు దెబ్బతింటున్నాయని 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ భద్రతా హెచ్చరిక కూడా ఇచ్చింది. పరీక్ష చిన్నదే. రేడియోని ఖాళీ ఛానెల్‌లో పెట్టి, గరగర ఆగేదాకా మాత్రమే స్క్వెల్చ్ (గరగరని అణిచే నాబ్) తిప్పి, దీపం వెయ్యాలి. గరగర మళ్లీ మొదలైతే ఆ దీపం తిరిగి ఇచ్చేయాల్సిందే.

తీగల లెక్క ఇంకాస్త కఠినం. బ్యాటరీకి 10 మీటర్ల దూరంలో 5 ఆంపియర్లు లాగే ఫ్రిజ్ పెట్టారనుకుందాం. పోనురాను 20 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే దారిలోనే 1.2 వోల్టుల దాకా పోతుంది, అంటే దాదాపు పదో వంతు. బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్ మాత్రం వోల్టేజీ తక్కువైందని ఆగిపోతుంది. యజమాని కొత్త బ్యాటరీ కొంటాడు, అప్పుడూ ఆగిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగైతే నష్టం 0.3 వోల్టులే. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల్లో ముఖ్యమైన సర్క్యూట్లకి 3 శాతం, మిగతావాటికి 10 శాతం దాకా నష్టాన్ని అనుమతిస్తారు. ఫ్రిజ్‌ని మొదటి కోవలో వేసుకోవడమే మేలు. తీగ ఒంటిపోగుది కాక సన్నపోగులది, తగరం పూతతో ఉన్నది కావాలి. ఒంటిపోగు తీగ అదురుకి విరుగుతుంది, పూత లేని రాగి తేమకి నల్లబడుతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ఫ్రిజ్ పక్కన కాదు. అది కాపాడేది తీగని.

మోటార్‌బోట్‌కి ప్రత్యేకమైన బాధ శబ్దం, ఎందుకంటే చాలావాటిలో ఇంజిన్ హాలు నేల కిందే ఉంటుంది. దళసరి కార్పెట్ వేస్తే తగ్గుతుందనుకుంటారు. కాస్త తగ్గుతుంది, అంతే. శబ్దాన్ని ఆపేది బరువు, దాన్ని వదిలేది సందు. ఇంజిన్ గదిలో దీపం వేసి, పైన హాలు చీకటి చేసి చూస్తే నేలమూతల అంచుల్లో వెలుతురు గీతలు కనబడతాయి. ప్రతి గీతా శబ్దానికి దారే. ముందు రబ్బరు గ్యాస్కెట్లతో వాటిని మూసి, ఆ తర్వాతే మూతల అడుగున బరువైన పొర, ఫోమ్ కలిసిన పలకలు అతికించాలి. ఆ పలకల ముఖం నూనెని పీల్చని, మంటని ఓర్చే రకం కావాలి. ఇంజిన్ గాలి పీల్చుకునే దారులు మాత్రం ఇందులో మూసుకుపోకూడదు. పెట్రోల్ పడవల్లో ఇది మరీ ముఖ్యం. స్టార్ట్ చేసేముందు బ్లోయరు 4 నిమిషాలు నడిపి ఆవిర్లు బయటికి పంపాలన్న హెచ్చరిక అక్కడ ఊరికే అంటించరు. కొత్త అలమర ఆ గాలిగొట్టం నోటికి అడ్డొస్తే అలమరే జరగాలి.

గ్యాస్ పొయ్యి మార్చేవారికి గుర్తుండాల్సింది ఒకటే. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. కారితే బిల్జ్‌లోకి దిగి అక్కడే కూర్చుంటుంది. అందుకే సిలిండర్ క్యాబిన్‌లో, సింకు కింద ఉండకూడదు. క్యాబిన్‌తో సంబంధం లేకుండా, అడుగు నుంచి నేరుగా పడవ బయటికి గొట్టం ఉన్న పెట్టెలో ఉండాలి. గ్యాస్ బెడద లేకుండా ఇండక్షన్ పొయ్యికి మారదామంటే 2000 వాట్లకి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 ఆంపియర్ల దాకా కావాలి. పొయ్యి ధర కంటే దాని వెనక బ్యాటరీలు, ఇన్వర్టర్, లావు కేబుళ్ల ఖర్చే ఎక్కువ. వెనక డెక్‌కి కాన్వాస్, ప్లాస్టిక్ తెరలు కట్టి అదనపు గదిలా చేసుకునే మార్పుకీ మరో ముప్పుంది. నడుస్తున్న పడవ వెనక గాలి సుడి తిరిగి, ఎగ్జాస్ట్ పొగని ఆ తెరల్లోకి లాక్కొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తెరలు కట్టే రోజే పడకల దగ్గర అలారం పెట్టడం మంచిది.

కొలతల విషయంలో పడవ వడ్రంగులు స్పిరిట్ లెవెల్‌ని నమ్మరు. నీళ్ల మీద దాని బుడగ ఒకచోట నిలవదు. ఒడ్డెక్కించాక కూడా పడవ సరిగ్గా సమంగా కూర్చుందన్న హామీ లేదు. ఉన్న బల్క్‌హెడ్‌నో, నీటిగీతనో ఆధారం చేసుకుంటారు. హల్‌లో లంబకోణం దాదాపు ఎక్కడా ఉండదు కాబట్టి సన్నటి చెక్కబద్దల్ని వేడిజిగురుతో అతికించి, ఆ చోటు ఆకారాన్ని అచ్చంగా ఎత్తుకుంటారు. ముందు అట్టపెట్టెల ముక్కలతో నమూనా కట్టి ఒక వారాంతం దానితోనే గడిపితే, ఏ తలుపు ఏ మోకాలికి తగులుతుందో తెలిసిపోతుంది. సీటు ఎత్తు 40 నుంచి 45 సెంటీమీటర్లు, దాని పైన బల్ల మరో 28 నుంచి 30 సెంటీమీటర్లు, పడక పొడవు 2 మీటర్లకి దగ్గర. ఇవి తప్పితే ఎంత మంచి గుడ్డ కుట్టించినా ఆ సీటులో ఎవరూ కూర్చోరు. మూలలన్నీ గుండ్రంగా ఉండాలి. సొరుగులకి నొక్కితే తప్ప తెరుచుకోని గొళ్లెం, బల్లలకి అంచుకమ్మి, నడిచేదారి పొడవునా చేతికి అందే పట్టుకమ్మి ఉండాలి. రేవులో నిలిచిన పడవలో ఇవి అడ్డంగా తోస్తాయి. అలల్లో మనిషిని నిలబెట్టేవి ఇవే.

నేల పని చివర. టేకు మధ్య హోలీ అనే చెట్టు తెల్లటి చెక్కతో గీతలున్న సంప్రదాయ పలకలైనా, వినైల్ పలకలైనా, నేలమూతల సందుల మీదుగా అతికించకుండా మూతమూతకీ విడిగా కోసి వేయాలి. తడికి ఉబ్బినా ఇరుక్కోకుండా చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు వదలాలి. పాత పలకల్ని పారేసే తొందర వద్దు. వాటికంటే మంచి నమూనా దొరకదు. కొత్తది బిగించి నాలుగు ప్రయాణాలు చేశాకే అవి బయటికి పోవాలి. ప్రతి పలకనీ మూసేముందు వెనక ఏముందో ఫోటో తీసి, పలక వీపున పెన్సిలుతో రాయాలి: ఏ తీగ ఎటు పోతోంది, ఏ గొట్టం దేనిది, ఏ బెజ్జానికి ఎంత పొడవు స్క్రూ. చివరిది ముఖ్యం. పలకకి ఒక సెంటీమీటరు ఎక్కువ పొడవున్న స్క్రూ, సరిగ్గా దాని వెనకున్న నీళ్ల ట్యాంకులోకి దిగుతుంది.